ట్రాక్టరునకు చేతులు తొడిగిన హారీ ఫెర్గుసన్

నల్లమలకును వెలిగొండలకును నడుమ పరచుకొనియున్న మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో, కంభము చెరువు క్రింది మాగాణి వంటి కొలది నేలను మినహాయించినచో, తక్కినదెల్ల చాలవరకు మెట్ట. వానను నమ్ముకొన్న సేద్యము. కంది, సజ్జ, ఆముదము, ప్రత్తి, మిరప పండించు ఈ సీమలో రైతునకు కాలమే పెద్ద చిక్కు. వాన కురిసి నేల పదునైన నాటినుండి ఆ పదును ఆరిపోవులోగా దుక్కి ముగియవలెను, విత్తనము పడవలెను. పైగా భూమిక్రింద పలకరాతి పొరలు. ఆంధ్రదేశమున ఎన్ని తరముల పిల్లలో అక్షరములు దిద్దినది మార్కాపురపు రాతిపలకలమీదనే. కాని పలకకు మంచిదైన రాయి నాగటికర్రునకు మంచిది కాదు.

ఇట్టి నేలలో పాతబడిన చిన్న ట్రాక్టరును గూడ రైతు సులభముగ వదలుకొనడు. దాని వీపున మూడు ఇనుపచేతులుండును. ఉదయము వానికి గొర్రు తగిలింతురు; మధ్యాహ్నము దానిని విప్పి గుంటక తగిలింతురు; మరునాడు ఎరువు తోలుటకు ట్రక్కును కట్టి, దాని తొట్టిని ఎత్తు జాకీకి ట్రాక్టరునుండి నూనెగొట్టము కలుపుదురు. కాడి లేదు, మోకు లేదు, పగ్గము లేదు. మీట కదిపినంతనే మూడు నాలుగు బస్తాల బరువుగల ఇనుము గాలిలోనికి లేచును. ఆ మీటపై చేయివైచి కూర్చుండిన యువకునకు ఈ ఏర్పాటును మొదట కల్పించినవాని పేరు తెలియకపోవచ్చును. ఆయన మన దేశీయుడు కాడు. ఐర్లండు రైతుబిడ్డ. పేరు హారీ ఫెర్గుసన్.

ఆయన 1884వ సంవత్సరము నవంబరు 4వ తేదీన, ఐర్లండు ఉత్తరభాగములోని డౌన్ మండలమున, డ్రోమోర్ పట్టణమునకు సమీపమున గ్రోవెల్ అను పల్లెలో జన్మించెను. పదునొకండుగురు సంతానములో నాల్గవవాడు. తండ్రి జేమ్సు మతనిష్ఠలో మిక్కిలి కఠినుడు. కుమారునకు ఆ నిష్ఠయు అబ్బలేదు, పొలముపనియు అబ్బలేదు. మనిషి పొట్టి, బక్కపలుచన. పదునాలుగేండ్ల వయస్సున బడి మాని పొలములో దిగెను గాని, గుఱ్ఱముల వెనుక బురదలో నడచుట ఆయనకు రోతగా ఉండెను. కెనడాకు వలసపోవలెనని తలపోయుచున్న సమయమున, బెల్‌ఫాస్టు నగరములో సైకిళ్ళు, కార్లు మరమ్మతు చేయు దుకాణము నడుపుచున్న అన్న జో తనవద్ద పని నేర్చుకొమ్మని పిలిచెను. అది 1902వ సంవత్సరము. పొలమునుండి పారిపోయిన కుఱ్ఱవాడు యంత్రములను పట్టుకొని తిరిగి పొలమునకే వచ్చుట విధివిలాసమనవలెను.

ఆ దినములలో మోటారు కారే వింత; విమానము మరింత వింత. ఫెర్గుసన్ ప్రదర్శనములలో విమానములను చూచివచ్చి, తానును ఒకటి కట్ట మొదలిడెను. 1909 డిసెంబరు 31వ తేదీన హిల్స్‌బరోలో ఆ విమానమెక్కి 130 గజముల దూరము గాలిలో పయనించెను. ఐర్లండు గడ్డపై నుండి ఎగిరిన మొదటి విమానమదే. మరుసటి సంవత్సరము న్యూకాజిల్ సముద్రతీరమున సుమారు మూడు మైళ్ళు ఎగిరి నూరు పౌనుల బహుమానమును గెలుచుకొనెను. ఈ విమానపు ముచ్చట ఆయన జీవితములో చిన్న ఘట్టమే. అయినను, అనవసరమైన బరువు యంత్రమునకు శత్రువను సంగతి ఆయన మనస్సులో నాటుకొన్నది అప్పుడే కావచ్చును. అటుపిమ్మట ఆయన చేసిన ప్రతి ట్రాక్టరును తోటివాని ట్రాక్టరుకన్న తేలికగా ఉండెను.

1911లో అన్ననుండి విడివడి సొంత మోటారు వ్యాపారము ప్రారంభించెను. 1913లో మోరీన్ వాట్సన్ అను యువతిని వివాహమాడెను. మన పాఠకులకు రుచింపని విషయమొకటి ఇచట చెప్పకతప్పదు. ఐర్లండు స్వపరిపాలనను ఎదిరించిన పక్షములో ఆయన ఉండెను; 1914లో ఆ పక్షమువారు రహస్యముగా తుపాకులు దిగుమతి చేసినప్పుడు అందులో పాల్గొనెను. పట్టిన పట్టు విడువని స్వభావము. ఆ స్వభావము రాజకీయములలో ఆయనను ఎచటికి కొనిపోయినను, వ్యవసాయమునకు మేలే చేసెను.

మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. బ్రిటనులో ఆహారమునకు కొరత ఏర్పడెను. అమెరికానుండి ట్రాక్టరులు దిగుమతి కాజొచ్చెను. 1917లో ఐర్లండు వ్యవసాయశాఖవారు దేశములోని ట్రాక్టరుల పనిని పరిశీలించి మెరుగుపరచుటకు ఫెర్గుసన్‌ను నియమించిరి. ఆయన విలియం సాండ్స్ అను తన నేర్పరియైన మెకానిక్కును వెంటబెట్టుకొని పల్లెపల్లెకును తిరిగెను. ఎచట చూచినను ఒకటే దృశ్యము. గుఱ్ఱమును విప్పి దాని స్థానమున ట్రాక్టరును నిలిపిరి. నాగలిని మాత్రము గుఱ్ఱమునకు కట్టినట్లే గొలుసుతో వెనుకకు కట్టిరి. ట్రాక్టరుపై నొక మనిషి, నాగలిపై నొక మనిషి.

ఇందులోని దోషము విద్యార్థులు ఆలోచింపదగినది. ట్రాక్టరు లాగవలెనన్నచో దాని వెనుక చక్రములు నేలను గట్టిగా పట్టవలెను. పట్టు బరువువలన వచ్చును. కనుక తయారుచేయువారు బరువును పెంచుచు పోయిరి. బరువైన యంత్రము నేలను అణగద్రొక్కి గట్టిపరచెను. గట్టినేలను దున్నుటకు మరింత బలము కావలసివచ్చెను. తమ చిక్కును తామే పెంచుకొన్నట్లయ్యెను.

అంతకన్న ఘోరమైనది ప్రాణాపాయము. హెన్రీ ఫోర్డు కర్మాగారమునుండి 1917లో వెలువడిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు చౌకయైనది, తేలికయైనది, వేలకువేలు అమ్ముడుపోయినది. కాని దాని వెనుక లాగబడుచున్న నాగలి భూమిలోని రాతికో వేరునకో తగులుకొని ఆగిపోయినప్పుడు, చక్రములు ముందునకు కదలలేకపోవును. ఇంజను బలము మాత్రము ఆగదు. అప్పుడు ఆ బలము ట్రాక్టరు దేహమునే వెనుక ఇరుసు చుట్టు త్రిప్పును. ముందుచక్రములు గాలిలోనికి లేచి, కన్నుమూసి తెరచునంతలో యంత్రము వెల్లకిల పడును. దాని క్రింద మనిషి. ఈ విధముగా మరణించిన రైతులు పెక్కుమంది.

ఫెర్గుసన్ ఈ రెండు చిక్కులకును మూలమొకటేయని గ్రహించెను. ట్రాక్టరు వేరు, నాగలి వేరు అనుకొనుటయే తప్పు. రెండును ఒకే దేహముగా ఉండవలెను.

మన అరకను తలచుకొన్నచో ఇది సుబోధమగును. ఎడ్లు లాగుచుండును, కాని కర్రు ఎంత లోతునకు దిగవలెనో నిర్ణయించునది మేడిపట్టిన రైతు చేయి. నేల గట్టియైన చోట నాగలి బిగుసుకొనుట ఆ చేతికి తెలియును. వెంటనే మేడిని సవరించును. చాలు చివర నాగలిని ఎత్తి మలుపు తిప్పునదియు ఆ చేయియే. గొలుసునకు కట్టిన నాగలికి ఆ చేయి లేదు. ఫెర్గుసన్ ఇరువది సంవత్సరములు వెదకినది ఆ చేతికొరకే.

మొదట 1917లో చక్రములు లేని తేలిక నాగలిని చేసి, ట్రాక్టరు దేహమునకే తగిలించి, చోదకుడు కూర్చున్నచోటనుండియే మీటతో ఎత్తునట్లు ఏర్పరచెను. 1920 ప్రాంతమున అమెరికాకు వెళ్ళి హెన్రీ ఫోర్డునకు తన నాగలిని చూపెను. ఫోర్డు ఆయనకు ఉద్యోగము ఇయ్యజూపెను; నాగలిపై హక్కులను కొందుననెను. ఫెర్గుసన్ రెంటిని నిరాకరించి ఇంటికి వచ్చెను. చేతిలో ధనము లేని ముప్పదియైదేండ్ల వ్యాపారి ఇట్లు చేయుట సాహసమనవలెనో, మొండితనమనవలెనో! తరువాత కొంతకాలము అమెరికాలో ఇతరుల భాగస్వామ్యముతో నాగళ్ళు చేయించి అమ్మెను. మీటలు, స్ప్రింగులు, గొలుసులు, విద్యుత్తు, ఒకదాని తరువాత ఒకటిగా పరీక్షించి చివరకు నూనెయొద్ద ఆగెను. నూనె ఒత్తిడితో నాగటిలోతును తనంతతాను సవరించు పద్ధతికి 1926లో పేటెంటు లభించెను.

ఆ పద్ధతి క్రమముగా రూపుదిద్దుకొని ఇట్లు స్థిరపడెను. ట్రాక్టరు వెనుక క్రిందిభాగమున రెండు చేతులు, వానికి పైన నడుమ నొక చేయి. పనిముట్టు ఈ మూడింటికి మూడు చీలలతో తగులుకొనును. క్రింది చేతులు లాగును. నాగలి నేలలో పెనగులాడుచు ముందునకు బోర్లపడజూచును; అప్పుడు దాని పైకొమ్ము మీది చేతిని, అనగా మన మెకానిక్కులు టాప్ లింకు అనుదానిని, ముందునకు నెట్టును. ఆ నెట్టుడు ట్రాక్టరు ముందుభాగమును పైకి లేవనీయక అదిమిపట్టును. నాగలి బరువును, దానిని క్రిందికి లాగు నేల పట్టును వెనుక చక్రములమీద పడును. అనగా నేల ఎంత గట్టిగా అడ్డుకొన్నచో ట్రాక్టరునకు అంత పట్టు చిక్కును. అడ్డునే ఆసరాగా మార్చిన ఉపాయమిది. బరువైన యంత్రముతో పనిలేకపోయెను.

ఇక నూనె సంగతి. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్నివైపులకు సమానముగా ప్రసరించునని పాస్కల్ చెప్పిన నియమమును బడిలో చదువుకొన్నారు గదా. చిన్నపంపుతో నూనెను పెద్ద సిలిండరులోనికి నెట్టినచో దానిలోని పిస్టను గొప్ప బరువులను ఎత్తగలుగును. ఫెర్గుసన్ టాప్ లింకు మొదట ఒక బలమైన స్ప్రింగును పెట్టెను. నేల గట్టిపడినచో లింకు స్ప్రింగును నొక్కును. ఆ కదలిక పంపు కవాటమును తెరచును. నూనె సిలిండరులోనికి పోయి చేతులను ఒకింత ఎత్తును. నేల మెత్తబడినచో స్ప్రింగు సాగును, నూనె వెలికి వచ్చును, నాగలి తిరిగి దిగును. మేడిపట్టిన చేయి చేయుచుండిన పనిని స్ప్రింగును నూనెయు చేయసాగెను. దాగియున్న రాతికి కర్రు తగిలినచో స్ప్రింగు మిక్కిలి అణగిపోయి, చక్రములపై మోపబడిన అదనపు బరువు తొలగిపోవును. చక్రములు ఉన్నచోటనే జారి తిరుగును. ట్రాక్టరు ముందుకాళ్ళెత్తదు. పలకరాతి నేలలో దున్నువారికి ఈ గుణము విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1928లో ఫోర్డు అమెరికాలో ట్రాక్టరుల తయారీని ఆపివేసెను. నాగలి సిద్ధముగా ఉన్నది, తగిలించుటకు ట్రాక్టరు లేకపోయెను. కనుక ఫెర్గుసన్ తానే ట్రాక్టరును నిర్మింప బూనెను. 1933లో సిద్ధమైన ఆ మొదటి యంత్రమునకు నల్లరంగు పూసిరి. అది నల్ల ట్రాక్టరను పేర ప్రసిద్ధికెక్కి లండను విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలకు చేరెను. 1936నుండి డేవిడ్ బ్రౌను అను పారిశ్రామికుడు దానిని ఇంగ్లండులో తయారుచేసెను. సుమారు 1350 మాత్రమే అమ్ముడుపోయెను. ట్రాక్టరుతోబాటు దానికి తగిన నాగలి, గొర్రు మొదలగునవి క్రొత్తగా కొనవలెను; ఇంటనున్న పాత పనిముట్లు ఆ మూడు చేతులకు తగులవు. రైతు వెనుదీయుటలో ఆశ్చర్యమేమి? బ్రౌను మరింత పెద్ద యంత్రము చేయుదమనెను. ఫెర్గుసన్ ఒప్పుకొనలేదు. ఇరువురును విడిపోయిరి.

1938 అక్టోబరులో ఫెర్గుసన్ ఒక ట్రాక్టరును ఓడలో ఎక్కించుకొని మరల ఫోర్డు వద్దకు పోయెను. డియర్‌బర్నులో ఫోర్డు ఇంటి సమీపముననున్న పొలములో దానిని దున్నించి చూపెను. ప్రక్కన ఇతర ట్రాక్టరులను గూడ దున్నించిరి. ఫోర్డు తానును రైతుబిడ్డయే, చూచినంతనే తెలిసికొనెను. బల్లయు రెండు కుర్చీలును బయటికి తెప్పించి ఇరువురును పొలములోనే కూర్చుండిరి. ఫెర్గుసన్ బల్లపై ఒక చిన్న ఆటబొమ్మ ట్రాక్టరును నడిపించి చేతుల కిటుకును వివరించెను. ఫోర్డు తయారుచేయవలెను, ఫెర్గుసన్ అమ్మవలెను; రూపకల్పన విషయమున ఫెర్గుసన్ మాటయే చెల్లవలెను; ఎవరికి ఇష్టములేకున్నను విడిపోవచ్చును. కాగితము లేదు, సాక్షి లేడు. చేతులు కలిపిరి. అంతే. నెత్తురు ధారవోసి సాధించిన పేటెంటులను కరచాలనముమీద అప్పగించిన వ్యాపారి చరిత్రలో వేరొకడు ఉన్నాడో లేదో సందేహమే.

1939 జూన్ 29వ తేదీన ఆ క్రొత్త ట్రాక్టరును లోకమునకు చూపిరి. ఎనిమిదేండ్ల బాలుని దానిపై కూర్చుండబెట్టి దున్నించిరి. బలముతో పనిలేదని చాటుటకు అంతకన్న వేరు ప్రకటన అక్కరలేదు. 1947లోపల మూడులక్షలకు పైగా తయారయ్యెను.

కాని మాటయిచ్చిన హెన్రీ ఫోర్డు వృద్ధుడయ్యెను. 1945లో మనుమడు రెండవ హెన్రీ ఫోర్డు పగ్గములు చేపట్టెను. ట్రాక్టరులవలన సంస్థకు నష్టము వచ్చుచున్నదని లెక్కలు తేల్చెను. 1947 నడిమికి ఒప్పందము ముగిసినదని తెలియజేసి, తన సొంత సంస్థద్వారా క్రొత్తపేరుతో ట్రాక్టరును విడుదలచేసెను. దాని వెనుకను అవే మూడు చేతులు, అదే నూనె ఏర్పాటు! ఫెర్గుసన్ 1948లో 25 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేసెను. నాలుగేండ్లు నడచిన ఆ వ్యాజ్యము 1952లో రాజీతో ముగిసెను. ఆయనకు దక్కినది 92 లక్షల 50 వేల డాలర్లు. అడిగినదానితో పోల్చినచో అత్యల్పము. అయినను పంపునకు సంబంధించిన ఆయన పద్ధతిని ఫోర్డు సంస్థ మార్చుకొనవలసి వచ్చెను. ప్రపంచములోని మిక్కిలి పెద్ద సంస్థలలో ఒకదానిచే పేటెంటు సొమ్ము కక్కించుట సామాన్యవిషయము కాదు.

ఈ తగవు మొదలుకాకముందే ఆయన వేరొక త్రోవ చూచుకొనియుండెను. యుద్ధకాలమున విమానపు ఇంజనులు తయారైన కవెంట్రీ నగరపు బ్యానర్ లేన్ కర్మాగారములో, స్టాండర్డ్ మోటారు సంస్థవారు 1946నుండి ఆయన కొరకు టి.ఇ.20 అను బూడిదరంగు చిన్న ట్రాక్టరును తయారుచేసిరి. 1956 వరకు వెలువడినవి 5,17,651. ఆయన పరిశుభ్రతకు పేరుపొందినవాడు. బట్టపై మరక, బల్లపై ధూళి సహింపడు. ఆ పట్టింపు యంత్రములోను కనబడును. ఒకటి రెండు పానాలతోనే రైతు తన పనిముట్లను బిగించుకొని సవరించుకొనునట్లు చేసెను. పానామీద అంగుళముల గుర్తులు గూడ వేయించెను. 1958 జనవరి 4వ తేదీన ఎడ్మండ్ హిల్లరీ బృందమువారు దక్షిణధ్రువమును చేరినది ఇట్టి మూడు ట్రాక్టరులపైననే. ఎవరెస్టు నెక్కిన వీరుని ధ్రువమునకు చేర్చినది పొలము దున్ను బండి!

1953లో కెనడాలోని మాసీ హారిస్ సంస్థతో తన వ్యాపారమును కలిపివేసెను. బేరము చివర పదిలక్షల డాలర్ల తేడా వచ్చెను. లెక్కలు తిరుగవేయుటకు మారుగా, నాణెమెగురవేసి తేల్చుకొందమని నిశ్చయించిరి. ఫెర్గుసన్ ఓడిపోయెను. చిత్రమేమనగా దానికాయన చింతింపలేదు. పంపుకవాటము దొంగిలించిరని నాలుగేండ్లు న్యాయస్థానములచుట్టు తిరిగినవాడు, పదిలక్షలను నాణెమున కొప్పగించి నవ్వుకొనెను. ఆయనకు ధనముకన్న తన పద్ధతి ముఖ్యము. క్రొత్త సంస్థలో తన మాట చెల్లకపోవుటచే మరుసటి సంవత్సరమే వైదొలగెను. తరువాత నాలుగు చక్రములకును బలమందు కార్లను రూపొందించు పనిలో మునిగెను. నిద్రలేమియు, మనోవ్యథయు ఆయనను బాధించుచుండెను. 1960 అక్టోబరు 25వ తేదీన ఇంగ్లండులోని తన స్వగృహమున మరణించెను. మరణము ప్రమాదవశమున కలిగినదో కాదో విచారణాధికారులు తేల్చలేకపోయిరి.

ఆ 1960లోనే మద్రాసులో టాఫే సంస్థ స్థాపితమై, మాసీ ఫెర్గుసన్ సంస్థ సహకారముతో మన దేశమున ట్రాక్టరుల తయారీకి పూనుకొనెను. ఆ విధముగా ఆయన పేరులోని సగము మన పల్లెలకు వచ్చెను. మనవారు దానినిగూడ విడిచిపెట్టి మాసీ బండియని ముందుపేరుతో పిలుచుచున్నారు. మాసీ ఎవరో, ఫెర్గుసన్ ఎవరో ఎవరికి కావలెను?

పాత బండ్లకు నూనెతో నడచు పనిముట్లు తగిలించునప్పుడు వచ్చు చిక్కులలో పెక్కు, ఆయన మొదటి ఏర్పాటును ఎరిగినచో విడిపోవును. టి.ఇ.20 వంటి బండిలో పంపు గేరుబాక్సు నూనెలోనే మునిగియుండి, వెనుక పనిముట్లను త్రిప్పు పి.టి.ఓ. కడ్డీతోబాటు తిరుగును. కనుక ఆ కడ్డీ మీట వేయకున్నను, క్లచ్చిని నొక్కిపట్టినను పంపు తిరుగదు; చేతులు లేవవు. లిఫ్టు చెడిపోయినదని భ్రమపడి విప్పదీసిన సందర్భములు లేకపోలేదు.

ట్రక్కు తొట్టిని ఎత్తుటకు అట్టి బండిలో లిఫ్టు సిలిండరునకు పోవు నూనెనుండియే బయటికొక దారి తీయుదురు. చేతులను, తొట్టిని ఎత్తవలసినది ఒకే నూనె. అది తేలికయైనదానిని ముందుగా ఎత్తును. చేతులు ఖాళీగా ఉన్నచో అవి లేచిపోవును, తొట్టి కదలదు. చేతులను క్రిందికి బిగించియైనను ఉంచవలెను, లేదా వానికి పోవు నూనెను వేరొక కవాటముతో మూసియైనను ఉంచవలెను. మరియు ఈ పాత లిఫ్టు ఒకవైపు మాత్రమే నెట్టును, దిగుట బరువువలననే. తొట్టి తన బరువుతో తాను దిగును గనుక దానికి ఒక గొట్టము చాలును. మట్టినెత్తిపోయు ముందుబొచ్చె వంటివానిని రెండువైపులకును నెట్టవలసియుండును. వానికి రెండు గొట్టములు, ప్రత్యేక కవాటము, వాడిన నూనె తిరిగి తన స్థానమునకు చేరు దారి కావలెను. వీనిని లెక్కింపక ఒక గొట్టముతో పని జరుపజూచుట వృథాప్రయాస.

జాకీలోనికి పోయిన నూనె ఎచటినుండి వచ్చినది? గేరుపండ్లను తడుపుచున్న నూనెయే అది. తొట్టి పూర్తిగ లేచినప్పుడు లోపలి మట్టము తగ్గును. కొలపుల్లతో చూచి పోయవలసినంత పోయనిచో నష్టము గేరులకు. గొట్టపు కొన దుమ్ములో పడియుండి, తుడువకనే తగిలించినచో ఆ దుమ్ము పంపునకును గేరులకును చేరును. మన చెలకల ఎఱ్ఱదుమ్ము ఎంత సన్ననిదో తెలిసినవారు గుడ్డముక్కను దగ్గరనుంచుకొందురు. విప్పునప్పుడు తొట్టిని దించి, ఇంజను ఆపి, మీటను క్రిందికి త్రోసి ఒత్తిడిని వదలిన పిదపనే గొట్టముపై చేయి వేయవలెను. సూదిబెజ్జమంత చిల్లునుండి చిమ్ము నూనె చర్మమును చీల్చుకొని లోపలికి పోగలదు. గాయము చిన్నదిగా కనబడినను తత్క్షణమే వైద్యుని చేరవలసిన అపాయమది. ఎత్తిన తొట్టిక్రింద ఊతలేనిదే దూరరాదు. నూనె పట్టునంతవరకే అది నిలుచును.

అన్నింటికన్న భయంకరమైన తప్పు నూనెకు సంబంధించినది కాదు. బురదలో దిగబడిన బండిని గాని, కూలిన మొద్దును గాని లాగునప్పుడు, అందుబాటులో ఉన్నదిగదా యని గొలుసును టాప్ లింకు తగులు స్థానమునకు కట్టువారు కలరు. ఆ చోటు ఇరుసునకు పైన ఉండును. అచటినుండి వెనుకకు లాగినచో ట్రాక్టరు ముందుభాగము లేచి వెల్లకిల పడుటకు క్షణము పట్టదు. ఆ స్థానము నెట్టుడును మోయుటకు ఏర్పడినది గాని లాగుడునకు కాదు. గొలుసును ఇరుసునకు క్రిందుగానున్న లాగుడు కొక్కెమునకే కట్టవలెను. ఫోర్డ్‌సన్ కాలమున రైతులను చంపిన అపాయమును తప్పించుటకు ఒక మనిషి ఇరువదియేండ్లు శ్రమించి కల్పించిన చేతిని పట్టుకొని, అదే అపాయమును కొనితెచ్చుకొనుట ఎంతటి విపరీతము!

ఫెర్గుసన్ పేటెంటులకు గడువు తీరినపిమ్మట ప్రపంచములోని ట్రాక్టరు తయారీదార్లందరును ఆ మూడుచేతుల పద్ధతిని స్వీకరించిరి. చీలల కొలతలను గూడ అంతర్జాతీయముగా స్థిరపరచిరి. చిన్న ట్రాక్టరుల తరగతికి క్రింది చీలలు 22 మిల్లీమీటరులు, పైచీల 19 మిల్లీమీటరులు. తరువాతి తరగతికి 28, 25. క్రొత్తగా గొర్రు చేయించుకొనువారు తమ బండి చీలలను కొలిచి, ఆ కొలతను వెల్డింగు షాపువానికి ముందుగా ఇచ్చినచో చాలును. బండి ఏ కంపెనీదైనను గొర్రు తగులుకొనును. అన్న బండికి చేయించిన గుంటకను తమ్ముని బండికి మార్చుకొని, పదును ఆరకముందే ఇరువురి చేలును దున్నుకొనవచ్చును.